నివాస గృహ కిరాయి ఒప్పంద పత్రం: ముస్తాబాద్, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతం

ఒక ఇంటిని గానీ, ఇంట్లోని ఒక పోర్షన్‌ను గానీ నిర్ణీత కాలం కాపురానికి ఇస్తూ ఇంటి యజమాని, కిరాయిదారు కలిసి రాసుకునే పత్రమే నివాస గృహ కిరాయి ఒప్పంద పత్రం. ఎవరు ఎవరికి ఇస్తున్నారు, ఏ ఇల్లు, ఎంత కాలం, కిరాయి ఎంత, అడ్వాన్స్ ఎంత, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి ఇందులో ప్రధానాంశాలు.

ముస్తాబాద్ రాజన్న సిరిసిల్ల జిల్లాలోని మండల కేంద్రం, పాలనాపరంగా గ్రామ పంచాయతీ. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల పురపాలక సంఘాలు. నాలుగు చోట్లా రాసుకునే పత్రం ఒకే రకంగా ఉన్నా, దానికి వర్తించే చట్టం మాత్రం ఒకటి కాదు. కిరాయిల నియంత్రణ చట్టం పురపాలక సంఘాలకు వర్తిస్తుంది. గ్రామ పంచాయతీలో ఉభయుల హక్కులను ఆస్తి బదిలీ చట్టంతో పాటు ప్రధానంగా ఒప్పంద పత్రమే నిర్ణయిస్తుంది.

పదాలు

కోస్తా ప్రాంతంలో ‘అద్దె’ అనే దాన్ని తెలంగాణలో ‘కిరాయి’ అంటారు. పత్రాన్ని ‘కిరాయినామా’, ‘కిరాయి అగ్రిమెంట్’, ‘అద్దె ఒప్పందం’ అని పిలుస్తారు. ‘నామా’తో ముగిసే ఇటువంటి పేర్లు నిజాం పాలనలోని ఫార్సీ, ఉర్దూ దస్తావేజుల నుంచి వచ్చాయి. సాగుభూమిని ప్రతిఫలానికి ఇస్తే దాన్ని ‘కౌలు’ అంటారు; ఇంటికి ఆ మాట వాడరు. పత్రంలో యజమానిని ‘మొదటి పక్షం’ అనీ, కిరాయిదారును ‘రెండవ పక్షం’ అనీ రాయడం ఆనవాయితీ. ‘అడ్వాన్స్’ అంటే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇవ్వవలసిన పూచీ సొమ్ము. అమ్మకపు ఒప్పందంలో ఇచ్చే ‘బయానా’ ఇది కాదు.

చరిత్ర

భారతదేశంలో కిరాయి సంబంధాలకు మూలాధారం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఏ లీజులను తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలో 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. పత్రంపై కట్టవలసిన సుంకానికి 1899 నాటి స్టాంపు చట్టం ఆధారం.

హైదరాబాద్ రాష్ట్రంలో ఇళ్ల కిరాయి, ఖాళీ చేయించడం, లీజులను నియంత్రిస్తూ 1954లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో అప్పటికి 1949 నాటి మద్రాసు చట్టం అమల్లో ఉంది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఈ రెండింటి స్థానంలో 1960 నాటి భవనాల (లీజు, కిరాయి, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టాన్ని తెచ్చారు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన తరువాత కూడా అదే చట్టం రాష్ట్రంలో కొనసాగుతోంది.

2016 అక్టోబరు 11న పాత కరీంనగర్ జిల్లాను విభజించినప్పుడు ముస్తాబాద్, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలోకీ, కోరుట్ల కొత్త జగిత్యాల జిల్లాలోకీ వచ్చాయి. ఆ తేదీకి ముందు రాసిన పత్రాల్లో ‘కరీంనగర్ జిల్లా’ అని కనిపించడానికి ఇదే కారణం. పాత కాగితాన్ని చూసి కొత్తది రాసేవారు జిల్లా పేరు మార్చుకోవాలి.

వర్తించే చట్టాలు

*ఆస్తి బదిలీ చట్టం.* 105వ సెక్షన్ లీజును నిర్వచిస్తుంది. 106వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు నివాస గృహ కిరాయిని నెలవారీ కిరాయిగా భావిస్తారు. దాన్ని రద్దు చేసుకోవడానికి 15 రోజుల లిఖితపూర్వక నోటీసు చాలు. ఏడాదికి మించిన లీజు, ఏటేటా సాగే లీజు, వార్షిక కిరాయి నిర్ణయించిన లీజు రిజిస్టరు పత్రం ద్వారా మాత్రమే చెల్లుతాయని 107వ సెక్షన్ చెబుతుంది. 108వ సెక్షన్ ఉభయుల హక్కులను, బాధ్యతలను వివరిస్తుంది.

*కిరాయిల నియంత్రణ చట్టం, 1960.* ఇది హైదరాబాద్, సికింద్రాబాద్ నగరాలకు, రాష్ట్రంలోని పురపాలక సంఘాలకు వర్తిస్తుంది. మిగతా ప్రాంతాలకు వర్తింపజేయాలంటే ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి. దీని ప్రకారం అడ్వాన్స్ ఒక నెల కిరాయికి మించకూడదు. కిరాయి అందుకున్న యజమాని రసీదు ఇవ్వాలి. చట్టంలో చెప్పిన కారణాలు ఉంటే తప్ప ఖాళీ చేయించకూడదు. ఉద్దేశపూర్వకంగా కిరాయి ఎగవేయడం, అనుమతి లేకుండా మరొకరికి కిరాయికి ఇవ్వడం, ఇంటిని వేరే పనికి వాడడం, కట్టడానికి నష్టం కలిగించడం, యజమానికి నిజంగా ఇల్లు అవసరం కావడం ఆ కారణాల్లో ముఖ్యమైనవి. అయితే నెల కిరాయి నగరపాలక సంస్థల పరిధిలో 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు దాటిన భవనాలను 2005 సవరణ ఈ చట్టం నుంచి తప్పించింది. కాబట్టి సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల పట్టణాల్లో కూడా ఆ పరిమితి దాటిన ఇళ్లకు ఆస్తి బదిలీ చట్టం, ఒప్పంద పత్రమే ఆధారం.

*నమూనా కిరాయిదారీ చట్టం, 2021.* దీన్ని కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించింది. నివాస గృహాలకు అడ్వాన్స్ రెండు నెలల కిరాయికి మించరాదు, ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, యజమాని ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు తెలపాలి అన్నవి ఇందులో ప్రధాన ప్రతిపాదనలు. ఇది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది.

రకాలు

*నోటి మాట ఒప్పందం.* పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఇప్పటికీ ఉంది. ఇల్లు అప్పగించి కిరాయి తీసుకుంటూ ఉంటే నెలవారీ కిరాయిగా చెల్లుతుంది. తగాదా వచ్చినప్పుడు షరతులను రుజువు చేయడం కష్టం.

*పదకొండు నెలల ఒప్పందం.* అన్నిటికంటే ఎక్కువగా వాడుకలో ఉన్నది ఇదే. ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కనుక గడువును 11 నెలలుగా రాసి, అది తీరాక కొత్త పత్రం రాసుకుంటారు.

*రిజిస్టరు లీజు.* ఏడాదికి మించిన కాలానికి రాసి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించేది.

*లీవ్ అండ్ లైసెన్స్.* ఇందులో ఇంటిని వాడుకునే అనుమతి మాత్రమే ఉంటుంది, ఆస్తిలో హక్కు బదిలీ కాదు. పత్రానికి పెట్టిన పేరును బట్టి కాక, ఉభయుల ఉద్దేశాన్ని, స్వాధీనం తీరును బట్టి అది లీజో లైసెన్సో తేల్చాలని 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులో సుప్రీంకోర్టు సూత్రీకరించింది.

పత్రం నింపే విధానం

పత్రాన్ని దస్తావేజు లేఖరి దగ్గర రాయించుకోవచ్చు, డీటీపీ సెంటర్‌లో టైపు చేయించుకోవచ్చు, ఖాళీలున్న అచ్చు ఫారాన్ని నింపుకోవచ్చు. ఉభయులకూ తెలిసిన భాషలో ఉండడం మంచిది. తెలుగులో రాసిన పత్రం చెల్లుతుంది.

*తేదీ, స్థలం.* పత్రం రాసిన తేదీ, కిరాయి మొదలయ్యే తేదీ వేర్వేరు కావచ్చు. రెండింటినీ విడివిడిగా రాయాలి.

*పక్షాల వివరాలు.* ఆధార్‌లో ఉన్నట్టుగా పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, వృత్తి, శాశ్వత చిరునామా, ఫోన్ నంబరు రాస్తారు. ఇద్దరికీ 18 ఏళ్లు నిండి ఉండాలి; మైనరు చేసే ఒప్పందం చెల్లదు. ఇల్లు ఉమ్మడి ఆస్తి అయితే వాటాదారులందరూ సంతకం చేయాలి, లేదా అధికారం పొందిన ఒకరు చేయాలి. గుర్తింపు కోసం ఇచ్చే ఆధార్ నకలులో మొదటి ఎనిమిది అంకెలు కనిపించని ‘మాస్క్‌డ్ ఆధార్’ సరిపోతుంది.

*ఇంటి వివరణ.* ఇంటి నంబరు, వార్డు, గ్రామం, మండలం, జిల్లా, నాలుగు దిక్కుల హద్దులు రాయాలి. పోర్షన్ అయితే ఎన్ని గదులు, ఏ అంతస్తు, బాత్‌రూమ్ విడిగా ఉందా ఉమ్మడిగా ఉందా అన్నది చేర్చాలి. బోరు, ట్యాంకు, మెట్లు, డాబా, వాకిలి ఉమ్మడిగా వాడుకునేవైతే ఆ మాట ఉండాలి. ఇంటి పన్ను రసీదులోని నంబరుతో పత్రంలోని నంబరు సరిపోవాలి.

*ఉద్దేశం.* ‘నివాసానికి మాత్రమే’ అని రాయడం సాధారణం. బీడీలు చుట్టడం, కుట్టుపని వంటివి ఇంట్లోనే చేసుకునే కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. అలాంటి పనికి యజమాని ఒప్పుకుంటే దాన్ని స్పష్టంగా చేర్చాలి. ‘సాంచలు’ అని పిలిచే మరమగ్గాలు పెట్టుకోవాలంటే మాత్రం గృహ కిరాయి పత్రం చాలదు. కరెంటు కనెక్షన్ కేటగిరీ మారుతుంది, కట్టడంపై భారం, చప్పుడు కూడా ఉంటాయి కనుక విడిగా ఒప్పందం చేసుకోవాలి.

*గడువు.* మొదలు, ముగింపు తేదీలు రెండూ రాయాలి. 2025 జూన్ 1న మొదలైన 11 నెలల గడువు 2026 ఏప్రిల్ 30తో ముగుస్తుంది. ‘పదకొండు నెలలు’ అని మాటల్లో రాసి తేదీల్లో మే 31 వేస్తే అది పన్నెండు నెలలవుతుంది. ఆ పొరపాటు అర్థభేదానికి దారి తీస్తుంది.

*కిరాయి.* మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. నెల ముందుగా కట్టాలా, నెల నిండాక కట్టాలా, ఏ తేదీలోగా, నగదా, బ్యాంకు ఖాతాకా, యూపీఐ ద్వారానా అన్నవి ఉండాలి. నగదుగా ఇస్తే రసీదు తీసుకోవాలి. ఒప్పందాన్ని పొడిగిస్తే కిరాయి ఎంత పెరుగుతుందో ముందే రాసుకోవచ్చు. ఉదాహరణకు 4,000 రూపాయల కిరాయి 10 శాతం పెరిగితే 4,400 అవుతుంది.

*అడ్వాన్స్.* ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, అందులోంచి దేనికి కోత పెట్టవచ్చు అన్నది రాయాలి. చివరి నెలల కిరాయి కింద అడ్వాన్స్‌ను జమ చేసుకోవచ్చా లేదా అన్నది తరచూ తగాదాకు కారణమయ్యే అంశం కనుక దాన్ని తేల్చి రాయాలి.

*కరెంటు, నీళ్లు, పన్ను.* సిరిసిల్ల, ముస్తాబాద్ ప్రాంతంలో కరెంటు బిల్లు 1970లో ఏర్పడిన సహకార విద్యుత్ సరఫరా సంఘం నుంచి వస్తుంది. దీన్ని ‘సెస్’ అంటారు. జగిత్యాల, కోరుట్లలో ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ ఇస్తుంది. బిల్లు సాధారణంగా యజమాని పేరు మీదే ఉంటుంది కనుక సర్వీసు నంబరును, ఇల్లు అప్పగించిన రోజు మీటరు రీడింగును పత్రంలో నమోదు చేయాలి. ఒకే మీటరు మీద రెండు పోర్షన్లు ఉంటే సబ్‌మీటరు లెక్కనా, తలా సగమా అన్నది తేల్చుకోవాలి. ఇంటి పన్ను యజమాని కట్టడం రివాజు.

*మరమ్మతులు.* పైకప్పు కురవడం, గోడ బీటలు, బోరు మోటారు వంటి పెద్ద పనులు యజమానివి, బల్బులు, నల్లాల వాషర్లు వంటి చిన్న పనులు కిరాయిదారువి అని రాయడం పరిపాటి. యజమాని తాను చేయవలసిన మరమ్మతును చెప్పాక కూడా చేయకపోతే, కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చును కిరాయిలో మినహాయించుకోవచ్చని 108వ సెక్షన్ చెబుతుంది; వేరే ఒప్పందం ఉంటే దాన్నే పాటించాలి.

*సామాన్ల జాబితా.* ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు, గీజరు, నల్లాలు, తాళంచెవులు ఎన్ని ఉన్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో అనుబంధంగా రాసి ఇద్దరూ సంతకం చేస్తారు.

*సంతకాలు, సాక్షులు.* ప్రతి పేజీ మీద ఇద్దరూ సంతకం చేయాలి. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే వాటి పక్కన కూడా చేయాలి. ఖాళీగా వదిలిన చోట గీత గీయాలి. లీజు పత్రానికి సాక్షులు ఉండాలని చట్టం పట్టుబట్టదు కానీ ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోవడం వాడుక. సంతకం రానివారు వేలిముద్ర వేస్తే, పత్రాన్ని చదివి వినిపించినట్టు సాక్షులు రాయాలి.

నింపిన పత్రం తీరు: ఒక కల్పిత ఉదాహరణ

ముస్తాబాద్‌లో ఒక కల్పిత ఇంటికి పత్రంలోని ప్రధాన భాగం ఇలా ఉండవచ్చు:

“రాజన్న సిరిసిల్ల జిల్లా, ముస్తాబాద్ మండలం, ముస్తాబాద్ గ్రామంలోని ఇంటి మొదటి అంతస్తులో రోడ్డు వైపు ఉన్న రెండు గదులు, వంటగది, విడి బాత్‌రూమ్ గల పోర్షన్‌ను మొదటి పక్షం వారు రెండవ పక్షం వారికి నివాసం నిమిత్తం 2025 జూన్ 1 నుండి 2026 ఏప్రిల్ 30 వరకు కిరాయికి ఇచ్చినారు. నెల కిరాయి రూ. 4,000 (అక్షరాల నాలుగు వేల రూపాయలు). ప్రతి నెల 5వ తేదీ లోపు మొదటి పక్షం వారి బ్యాంకు ఖాతాకు జమ చేయవలెను. అడ్వాన్స్ రూ. 8,000 ఈ రోజు ముట్టినది. ఖాళీ చేసిన 15 రోజులలో, బాకీలు ఉన్నచో మినహాయించుకొని, తిరిగి ఇవ్వవలెను. నేటి మీటరు రీడింగు 4,316. ఖాళీ చేయుటకు లేక చేయించుటకు ఒక నెల ముందుగా రాతపూర్వకంగా తెలుపవలెను.”

ఇందులో రెండు నెలల కిరాయికి సమానమైన అడ్వాన్స్ ఉంది. గ్రామ పంచాయతీ పరిధిలో 1960 చట్టం వర్తించదు కనుక ఉభయుల అంగీకారంతో అలా రాసుకోవచ్చు. అదే చట్టం వర్తించే పట్టణపు ఇంట్లో ఒక నెల పరిమితి అడ్డొస్తుంది. నోటీసు గడువు ఒక నెల అని ఇద్దరూ రాసుకున్నందువల్ల 106వ సెక్షన్‌లోని 15 రోజుల గడువు ఇక్కడ వర్తించదు.

స్టాంపు, నోటరీ, రిజిస్ట్రేషన్

ఈ మూడూ వేర్వేరు. స్టాంపు కాగితం సుంకం కట్టినదానికి గుర్తు. 11 నెలల పత్రాలను సాధారణంగా 100 రూపాయల నాన్ జుడీషియల్ స్టాంపు కాగితంపై రాస్తుంటారు. అయితే చట్ట ప్రకారం చెల్లించాల్సిన సుంకం కిరాయి మొత్తాన్ని, అడ్వాన్స్‌ను, గడువును బట్టి ఉంటుంది. సుంకం తక్కువైన పత్రాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. లోటు మొత్తాన్ని, దానికి పది రెట్ల వరకు జరిమానాను కడితేనే స్వీకరిస్తుంది. కాగితం కొని ఆరు నెలలు దాటితే పనికిరాదన్న నమ్మకం విస్తృతంగా ఉంది. ఆరు నెలల గడువు వాడని కాగితానికి డబ్బు వాపసు కోరడానికే తప్ప వాడకానికి కాదని 2008లో తిరువేంగడం పిళ్లై కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

నోటరీ 1952 నాటి నోటరీల చట్టం కింద సంతకాలను ధ్రువీకరిస్తారు. అది రిజిస్ట్రేషన్‌కు ప్రత్యామ్నాయం కాదు. రిజిస్ట్రేషన్ అంటే ఇల్లున్న ప్రాంతపు సబ్ రిజిస్ట్రార్ దగ్గర పత్రాన్ని నమోదు చేయించడం. సంతకాలు అయిన నాలుగు నెలల్లోపు పత్రాన్ని దాఖలు చేయాలి. రిజిస్టర్ చేయవలసిన లీజును చేయకపోతే అందులోని గడువు చెల్లదు. అయినా ఇల్లు స్వాధీనంలో ఉండి కిరాయి ముడుతూ ఉంటే నెలవారీ కిరాయి సంబంధం ఏర్పడుతుందని 2000లో ఆంథోనీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

గడువు ముగింపు, పొడిగింపు

గడువు తీరాక కూడా కిరాయిదారు ఉండి, యజమాని కిరాయి తీసుకుంటే ఒప్పందం నెలవారీగా కొనసాగినట్టు ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ భావిస్తుంది. నోటీసు రాతలో ఉండి సంతకంతో ఉండాలి. తపాలా ద్వారా పంపవచ్చు, చేతికి ఇవ్వవచ్చు. మధ్యలో ఇంటిని అమ్మితే కొన్నవారు పాత యజమాని స్థానంలోకి వస్తారు; అమ్మకం ఒక్కటే కారణంగా లీజు రద్దు కాదు. ఖాళీ చేసేటప్పుడు మామూలు వాడకం వల్ల వచ్చిన అరుగుదల మినహా ఇంటిని తీసుకున్న స్థితిలో అప్పగించడం కిరాయిదారు బాధ్యత.

వివాదాలు, పరిష్కారం

అడ్వాన్స్ తిరిగి ఇవ్వకపోవడం, కిరాయి బకాయి, మరమ్మతులు, గడువు తీరినా ఖాళీ చేయకపోవడం ప్రధాన వివాదాలు. 1960 చట్టం వర్తించే ఇళ్లకు రెంట్ కంట్రోలర్‌ను ఆశ్రయించాలి. ఆపై అప్పీలు, హైకోర్టులో రివిజన్ ఉంటాయి. ముస్తాబాద్ వంటి పంచాయతీల్లో ఇళ్లకు సివిల్ కోర్టే దారి. కిరాయి బకాయికి మూడేళ్లలోపు దావా వేయాలి. కోర్టు ఉత్తర్వు లేకుండా తాళం వేసి బయటికి గెంటితే, ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందే హక్కును నిర్దిష్ట ఉపశమన చట్టం ఇస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు.

ప్రాంతీయ విశేషాలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం నుంచి గల్ఫ్ దేశాలకు వలస ఎక్కువ. యజమాని దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటే ఇక్కడి ఇంటిని తండ్రి, భార్య, అన్నదమ్ములు కిరాయికి ఇస్తుంటారు. అప్పుడు సంతకం చేసేవారికి అధికార పత్రం ఉందో లేదో కిరాయిదారు చూసుకోవాలి. విదేశంలో రాసిన పవర్ ఆఫ్ అటార్నీని అక్కడి భారత రాయబార లేదా కాన్సులేట్ కార్యాలయంలో ధ్రువీకరించుకుంటారు. అది భారత్‌కు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టాలి. పత్రంలో యజమాని పేరు రాసి, ‘వారి తరఫున’ అని సంతకందారు పేరు చేర్చాలి. కిరాయి ఎవరి ఖాతాకు జమ కావాలో కూడా రాయాలి.

ఇక్కడి నేత కుటుంబాలు బతుకుదెరువుకు వెళ్లే భివండి, షోలాపూర్‌లలో పద్ధతి వేరు. మహారాష్ట్ర కిరాయిల నియంత్రణ చట్టం, 1999 ప్రకారం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్ కావాలి. ఆ బాధ్యత యజమానిదే. అలా చేయకపోతే షరతుల విషయంలో, వేరేలా రుజువయ్యేదాకా, కిరాయిదారు మాటే చెల్లుతుంది. దుబాయిలో 2007 నాటి 26వ చట్టం యజమాని, కిరాయిదారు సంబంధాలను నియంత్రిస్తుంది. అక్కడి ఒప్పందాలను 2010లో మొదలైన ‘ఇజారీ’ వ్యవస్థలో నమోదు చేస్తారు.

ప్రాధాన్యం

కిరాయి పత్రం ఉభయుల మధ్య సాక్ష్యం మాత్రమే కాదు. చిరునామా మార్పు, గ్యాస్ కనెక్షన్, పిల్లల బడి ప్రవేశం వంటి పనుల్లో నివాస రుజువుగా అడుగుతారు. ఉద్యోగులు ఇంటి కిరాయి భత్యంపై పన్ను మినహాయింపు కోరడానికి ఇదీ ఒక ఆధారం. ఇంటిలో ఎంతకాలం ఉన్నా కిరాయిదారు స్వాధీనం యజమాని అనుమతితోనే మొదలైందని చూపేది కూడా ఈ పత్రమే. కనుక యజమాని హక్కుకు అది రక్షణ. గడువు మధ్యలో కిరాయి పెంచకుండా, అడ్వాన్స్ ఇవ్వలేదనకుండా కిరాయిదారుకూ అదే రక్షణ. కిరాయిల నియంత్రణ చట్టం పరిధిలోకి రాని ఇళ్లకు ఈ ప్రాధాన్యం మరింత ఎక్కువ. అక్కడ రాయకుండా వదిలిన ప్రతి అంశాన్నీ 106, 108 సెక్షన్ల సాధారణ నియమాలు భర్తీ చేస్తాయి.

ఇవి కూడా చూడండి: ఆస్తి బదిలీ చట్టం (1882), రిజిస్ట్రేషన్ చట్టం (1908), స్టాంపు సుంకం, పవర్ ఆఫ్ అటార్నీ, లోక్ అదాలత్, కౌలు, సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, రాజన్న సిరిసిల్ల జిల్లా, జగిత్యాల జిల్లా.